నెమలి మెడ రంగు కట్టె చేప

జనగామలో బండ్లకు రంగులు వేయడం నేర్చుకుంటున్న రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. నా అంత నున్నగా రేకును వాటర్ పేపర్‌తో రుద్దేవాడు చుట్టుపక్కల లేడన్నది మొదటిది. డబ్బాలో ఉన్న రంగులోంచి కాస్త తీసుకుంటే అది దొంగతనం కిందికి రాదన్నది రెండోది. మొదటి నమ్మకం ఇప్పటికీ కొంత మిగిలి ఉంది. రెండోది ఎలా పోయిందో చెబుతాను. ఈ సంగతి ఇదివరకు మా ఇంట్లో ఒకటి రెండుసార్లు చెప్పాను కానీ, చెప్పిన ప్రతిసారీ నా తప్పులో కొంచెం థిన్నర్ పోసి పలచన చేసి, అందరూ నవ్వేలా చెప్పాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పే వయసు వచ్చిందనుకుంటున్నాను. మీరు నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వాల్సినంత ఉంది కూడా.

మాది పాలకుర్తి దగ్గర చిన్న ఊరు. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాక (మూడోసారి రాస్తానని నేనన్నాను, వద్దని బాపు అన్నాడు, అప్పుడు కోపం వచ్చింది కానీ ఇప్పుడు ఆయన ముందుచూపుకు దండం పెడుతున్నాను) బాపు నన్ను బస్సెక్కించుకొని జనగామ తెచ్చి, హన్మకొండ పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ముందు నిలబెట్టాడు. లోపల ఒక బక్కపలచని మనిషి, లోకంలోని రంగులన్నీ అంటిన బనీనుతో, స్కూటర్ మడ్‌గార్డు మీద వేలితో తట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

“వీనికి చదువు అబ్బలె ఉస్తాద్. జర చేతికన్న ఏదన్న పని రావాలె,” అన్నాడు బాపు.

“రంగుపని చదువుకంటె కష్టమే అన్నా. పరీక్షల తప్పు రాస్తె కొట్టేసి మల్ల రాయొచ్చు. బండి మీద తప్పు పడితె అది ఊరంత తిరిగి చూపిస్తది,” అన్నాడాయన.

అలా చేరాను, జనగామలోనే చిన్న గది తీసుకున్నాను. షెడ్డులో మేం ముగ్గురం: ఉస్తాద్, సొట్టలు తీసే డెంటింగ్ అన్న, నేను. ఉస్తాద్ నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు, మా ఊరి వైపు పేరుతో ‘పాలకుర్తి’ అనేవాడు. ఆయన దగ్గర రంగుల పట్టికలు లేవు, కొలత గ్లాసులు లేవు. గిరాకీ వచ్చి కావలసిన రంగు చెప్పగానే డబ్బాలు తీసుకొని ఎండలోకి నడిచేవాడు. ఒక వెదురు పుల్లతో కలుపుతూ, చుక్క పసుపు వేసి చూసి, అరచుక్క నలుపు వేసి చూసి, ఆ పుల్లను ఆకాశానికెత్తి పట్టుకునేవాడు. ఆ పుల్లను మేమెవరమూ ముట్టకూడదు. నాలుగేళ్లు పనిచేస్తే తప్ప ఎవరి చేతికీ రాదని నేను చేరిన రోజే డెంటింగ్ అన్న చెప్పాడు. ఇంతకంటే వింత ఇంకొకటి ఉంది. రంగు కలిపే ముందు ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు, అంతే. చివరి కోటు అయ్యేసరికి స్ప్రే గన్నులో సరిగ్గా చెంచాడు మిగిలేది. స్కూటర్ అయినా, వ్యాను అయినా చెంచాడే. “ఉస్తాద్ బండిని చూడడు, దర్జీ లెక్క కొలుస్తడు,” అనేవాడు డెంటింగ్ అన్న.

ఇక నా పిచ్చి సంగతి. మా ఊరి చెరువులో కొర్రమట్ట చేపలు ఉండేవి. వానపామునో కప్పపిల్లనో గాలానికి గుచ్చి వాటిని పట్టడం ఊళ్లో అందరికీ తెలిసిందే. అప్పుడే నా చేతికి పెద్ద ఫోను వచ్చింది. అందులో ఏదో దేశంలో ఒకాయన చెక్కతో చేపను చెక్కి, దానికి రంగులేసి, నీళ్లలోకి విసిరి లాగుతుంటే పెద్ద పెద్ద చేపలు వచ్చి దాన్ని పట్టుకోవడం చూశాను. ఆయన మాట్లాడింది ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ చేతులు చేసే పని మొత్తం అర్థమైంది. చెక్కడం, నున్నగా రుద్దడం, పుట్టీ పెట్టడం, ప్రైమర్ కొట్టడం, రంగు వేయడం, పైన మెరుపు కోటు! ఇదంతా నేను రోజూ బండ్లకు చేసే పనే కదా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పండ్ల పెట్టెల చెక్క తేలిక. దాన్ని వేలెడు పొడవున కోసి, బ్లేడుతో చేప ఆకారం తీసి, నడుమ నుంచి తీగ దూర్చి, దానికి గాలపు ముల్లు తగిలించి, కడుపులో చిన్న సీసం ముక్క పెట్టి, పుట్టీతో పూడ్చేవాణ్ణి. నీళ్లలో మునగడానికి మూతి కింద పెదవి లాంటిది ఉండాలి. దానికి పగిలిన ఇండికేటర్ అద్దం ముక్క. పొలుసుల కోసం ఉల్లిగడ్డ సంచి జాలిని ఒంటికి చుట్టి, పైనుంచి రంగు కొట్టి జాలి తీసేస్తే అచ్చం పొలుసులే. కళ్లకు మా అక్క బొట్టుబిళ్లలు. (అక్క మూడు వారాలు తన బొట్టుబిళ్లల అట్ట ఖాళీ అవుతోందని మా వదినను అనుమానించింది. దీనికి కూడా నేను ఇప్పుడే క్షమాపణ చెబుతున్నాను.)

ఆదివారం షెడ్డుకు సెలవు. శనివారం సాయంత్రం ఊరికి పోయి, పొద్దున్నే చెరువు కట్ట మీద నిలబడి నా కట్టె చేపను విసిరేవాణ్ణి. మొదటిది వెల్లకిలా తేలింది. రెండోది గుండ్రంగా తిరిగి తిరిగి తన దారానికి తానే చుట్టుకుంది. మూడోది బాగా ఈదింది కానీ వెళ్లి వెళ్లి బర్రె తోకకు తగులుకుంది. ఆ బర్రె వెంట, దాని యజమాని తిట్ల వెంట, నేను పావు కిలోమీటరు పరిగెత్తాను. ఊరి చేపల సంఘంలో పెద్దవాడు, అందరూ వలల తాత అనేవాళ్లు, రోజూ కట్ట మీదే ఉండేవాడు. సంఘం వాళ్లు తప్ప ఇంకెవరైనా గాలం వేస్తే ఊరుకునేవాడు కాదు. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

“నువ్వు వేస్కో బిడ్డా. నీ కట్టె ముక్కకు ఏ శాప పడది. నాకు నిమ్మలం,” అన్నాడు.

“గింత మంచిగ రంగేసిన గద తాతా?”

“గా రంగు ఎవ్వలకు సూపియ్యనీకి ఏసినవ్? శాపకా, నాకా?”

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. చేప పడుతుందా లేదా అన్న ఆలోచన రెండో నెలకే పోయింది. నాకు కావలసింది ఆ నున్నదనం, ఆ మెరుపు, ఎవరైనా చేతిలోకి తీసుకొని ‘అబ్బ’ అనడం. మొదట్లో గన్నులో మిగిలిన చెంచాడు రంగును అడిగి తీసుకునేవాణ్ణి. ఉస్తాద్ ‘తీస్కో’ అనేవాడు, దేనికని అడిగేవాడు కాదు. తర్వాత అడగడం మానేశాను. ఆ తర్వాత చెంచాడు చాలక, గన్ను కడిగే ముందే ఇంకో చెంచాడు వంచుకునేవాణ్ణి. అలా ఏడాదిలో నా దగ్గర పది కట్టె చేపలు పోగయ్యాయి. ఒకసారి కట్ట మీద ఆటో ఆపుకొని వచ్చిన ఒకాయన నా డబ్బాలోకి తొంగిచూసి, “ఓరి, గిది మా బావ ట్రాలీ రంగు గదరా!” అన్నాడు. అప్పుడు నేను గర్వపడ్డానే తప్ప భయపడలేదు. నా బుద్ధి ఏపాటిదో ఇక్కడే మీకు తెలిసిపోవాలి.

ఆ సమయంలోనే దగ్గరి ఊరి పటేల్ జీపు షెడ్డుకు వచ్చింది. పాత జీపు, ఆయన తండ్రి నడిపింది. డెంటింగ్ అన్న పది రోజులు సొట్టలు తీశాడు. పటేల్ జేబులోంచి ఒక గుడ్డముక్క తీసి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. ఆయన భార్య కొత్త పట్టుచీర తాలూకు జాకెట్ ముక్క. నెమలి మెడ మీద ఎండ పడితే నీలమో పచ్చో తేల్చుకోలేని రంగు ఉంటుందే, అది.

“మా ఇంటామె మ్యాచింగ్ కావాల్నంటున్నది ఉస్తాద్. శనివారం చిల్పూరు గుట్ట మీద జీపుకు పూజ. గీ చీర కట్టుకొని గా జీపుల కూసుంటదట.”

“జాకెట్టుకు మ్యాచింగ్ విన్న గని, జీపుకు ఇనలేదు పటేలా,” అన్నాడు ఉస్తాద్. కానీ ఆయన కళ్లు అప్పటికే ఆ గుడ్డ మీద ఉన్నాయి.

సోమవారం పొద్దంతా ఎండలో కూర్చొని ఆ రంగు కలిపాడు. మధ్యాహ్నం తిండి మరిచిపోయాడు. చివరికి గుడ్డముక్క మీద ఒక చుక్క వేసి మా ఇద్దరినీ పిలిచి, చుక్క ఎక్కడుందో చూపించమన్నాడు. మేం చూపించలేకపోయాం. అప్పుడు జీపు చుట్టూ తిరిగి, సరిపడా కలిపి, మూత పెట్టి, తినడానికి ఇంటికి పోయాడు.

డెంటింగ్ అన్న సామాను తేవడానికి బజారుకు పోయాడు, నేను ఆ డబ్బా పక్కన ఒంటరిగా మిగిలాను. నేను ఫోనులో చూసినాయన చేపను రంగులో నిలువునా ముంచి తీస్తాడు. గన్నుతో కొట్టినదానికంటే అద్దంలా ఉంటుంది. ముంచడానికి చెంచాలు చాలవు, గ్లాసెడు కావాలి. మూత తీశాను. చాయ్ తాగి పడేసిన ప్లాస్టిక్ కప్పు ఒకటి కడిగి, దాని నిండా పోసుకొని, షెడ్డు వెనక సందులోకి పోయి, చేప తోక పట్టుకొని ముంచబోతున్నాను. కప్పు అడుగు మెత్తబడి, జారి, రంగంతా నా చెప్పుల మీద పడింది. రంగులో థిన్నర్ ఉంటుందని, థిన్నర్‌కు అలాంటి కప్పు మంచులా కరుగుతుందని ఏడాదిగా ఆ పనే చేస్తున్న నాకు తోచలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథలో నేను కొంచెం మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. ఆగలేదు. మట్టి కప్పేసి, ఎదుటి హోటల్లో గాజు గ్లాసు తెచ్చి, మళ్లీ నింపుకున్నాను. ముంచి తీసి తీగకు వేలాడదీస్తే, ఆ సందులో ఒక నెమలి మెడ వేలాడుతున్నట్టే ఉంది. అరగంట సేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. జీవితంలో అంతకంటే అందమైనది నేను చేయలేదనుకున్నాను.

మంగళవారం ఉస్తాద్ జీపుకు రంగు కొట్టాడు. మూతి, పక్కలు, పైభాగం అయ్యాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి గన్ను ఉత్త గాలి కక్కింది. ఉస్తాద్ గన్ను విప్పి చూశాడు. డబ్బా వంచి చూశాడు. డబ్బాను వెలుతురుకు పట్టి, అడుగున చిల్లు ఉందేమో వేలితో తడిమి చూశాడు. నేను చీపురు తీసుకొని, అప్పటికే ఊడ్చిన చోటును మళ్లీ ఊడ్చాను.

పొద్దున్నే చూడటానికి వస్తానని పటేల్ ఫోను చేయడంతో, పొద్దు వాలుతుండగా గాభరాగా ఇంకొంచెం కలిపి తలుపుకు కొట్టాడు. ఎండ లేనప్పుడు ఆయన రంగు కలపడం నేను చూసింది అదొక్కసారే. బుధవారం పటేల్ వచ్చి జీపు చుట్టూ మురిసిపోతూ తిరిగి, వెనక్కి పోయి ఆగాడు.

“ఉస్తాద్, గీ తలుపు వేరే బండిదా?”

ఎండలో చూస్తే నిజమే. జీపంతా నెమలి, తలుపు మాత్రం పావురం.

“మా ఇంటామె చూస్తె ఇగ జీపెక్కది. నన్ను సుత ఎక్కనియ్యది,” అన్నాడు పటేల్. ఆయన కోపంగా అనలేదు. ఉస్తాద్ చేతిలో పని చెడటం ఆయన కూడా ఎప్పుడూ చూడలేదు, అందుకని కొంచెం భయపడ్డట్టు అన్నాడు. శనివారం లోపు సరిచేస్తానని ఉస్తాద్ మెల్లగా చెప్పాడు. పటేల్ పోయాక రాతి మీద కూర్చున్నాడు.

“ముప్పై ఏండ్ల సంది కొలత తప్పలె. ఇయ్యాల కొలత తప్పింది. రంగు సుత తప్పింది. కండ్లు పోయినట్టున్నయ్ రా నాయి,” అన్నాడు.

చెప్పాల్సిన క్షణం అదే. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ పని పోతుందన్న భయం ఒకటి, బాపు ముందు మూడోసారి తప్పినవాడిగా నిలబడాలన్న భయం ఇంకొకటి. వాటికంటే సిగ్గుచేటైన కారణం మరొకటి ఉంది: చెబితే ఆ నెమలి చేపను తీసేసుకుంటారు. నేను లోపలికి పోయి వాటర్ పేపర్ ముక్కలను సైజుల వారీగా పేర్చాను.

ఆ మధ్యాహ్నమే ఉస్తాద్ కండ్ల దవాఖానకు పోయాడు. గురువారం నల్ల ఫ్రేము అద్దాలతో వచ్చాడు. వాటితో జీపును చూశాడు, గుడ్డను చూశాడు, నన్ను చూశాడు.

“ఎట్లుందే ఉస్తాద్?” అడిగాడు డెంటింగ్ అన్న.

“అక్షరాలు దగ్గరికొచ్చినయ్, రంగులు దూరం పోయినయ్,” అన్నాడు ఉస్తాద్. తర్వాత నన్ను పిలిచాడు. వెదురు పుల్ల నా చేతిలో పెట్టాడు.

“పాలకుర్తీ, నీయి లేత కండ్లు. ఇగ నువ్వే కలుపు. నీతోని కాకుంటె రేపు హన్మకొండ పోయి మిషన్ల కలిపిన రంగు తెస్త. ఈ జీపుతోని నాది అయిపాయె.”

నాలుగేళ్లకు రావలసిన పుల్ల ఏడాదికే వచ్చింది. ఎందుకు వచ్చిందో లోకంలో నా ఒక్కడికే తెలుసు. ఎండలో కూర్చున్నాను. నీలం పోశాను, పచ్చ పోశాను, వెండి పొడి వేశాను. గుడ్డను చూశాను, డబ్బాను చూశాను. సాయంత్రానికి నా డబ్బాలో తయారైన రంగు పేరు ఇప్పటికీ నాకు తెలియదు. వానకాలం చెరువు ఒడ్డున ఉండే నాచుకు కాస్త దగ్గరగా ఉంది. ఉస్తాద్ వచ్చి చూసి, “పర్వలేదు బిడ్డా, మొదటిసారి నాకు సుత గట్లనే అయింది,” అని నా భుజం తట్టాడు. ఆ చెయ్యి నా చెంప మీద పడి ఉంటే గదికి పోయి హాయిగా పడుకునేవాణ్ణి. భుజం మీద పడింది కాబట్టి గదికి పోయి అన్నం తినలేకపోయాను.

శుక్రవారం పొద్దున నా రేకు డబ్బా తెచ్చి పని బల్ల మీద బోర్లించాను. పదకొండు కట్టె చేపలు వరుసగా పడ్డాయి.

“గివి నేను చేసినయ్ ఉస్తాద్,” అన్నాను. “రంగు… మన బండ్లయి.”

ఉస్తాద్ ఏమీ అర్థం కానట్టు చూసి, మొదటి చేపను చేతిలోకి తీసుకున్నాడు. అద్దాల్లోంచి చూశాడు. చిరాకుగా అద్దాలను నుదుటి మీదికి నెట్టి మళ్లీ చూశాడు.

“గిది పాల వ్యాను,” అన్నాడు. రెండోది తీశాడు. “గిది డాక్టరమ్మ స్కూటీ. గులాబిల జర పసుపు పడాలె, నేనే ఏసిన.” మూడోది. “ట్రాలీ ఆటో.” నాలుగోది ఎత్తి కొంచెంసేపు తిప్పాడు. “గిది బ్యాంకు సారు స్కూటర్. నలుపు రెండు చుక్కలు ఎక్కువ పడ్డది గా దినం. ఆయన చూడలె, నేను చెప్పలె.” ఐదు, ఆరు, ఏడు. ఏ బండి, ఎవరిది, అందులో ఏది ఎంత కలిపాడు, ఆ రోజు ఎండ ఎట్లుంది, అన్నీ ఒకటో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. నేను తల వంచుకొని వింటున్నాను. సుత్తె పట్టుకొని నిలబడ్డ డెంటింగ్ అన్నే అన్నాడు:

“ఉస్తాద్, అద్దాలు నెత్తి మీదున్నయ్.”

ఉస్తాద్ ఆగిపోయాడు. చెయ్యి పైకెత్తి నుదుటి మీది అద్దాలను తడిమి చూసుకున్నాడు. అప్పుడు చివరి చేపను, నెమలి చేపను తీసుకొని జీపు దగ్గరికి నడిచి, పక్క రేకుకు ఆనించి పట్టాడు. చేప మాయమైంది. రెండు బొట్టుబిళ్ల కళ్లు మాత్రం జీపులోంచి మమ్మల్ని చూస్తున్నాయి.

“ఎంత తీసినవ్?”

“రెండు గ్లాసులు ఉస్తాద్. ఒకటి కారిపోయింది.”

వెనక తలుపు వైపు తిరిగి కాసేపు చూశాడు. “దీనికి రెండు గ్లాసులే పడ్తది,” అన్నాడు, నాతో కాదు, తనతో. “పైన చెంచాడు మిగులుతుండె.” ఆయన ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. అది నన్ను క్షమించిన నవ్వేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాదు, అది ఆయన కొలత ఆయనకు దొరికిన నవ్వు. నా వైపు తిరిగేసరికి అది లేదు.

“రంగు పోతె పోయింది గని పాలకుర్తీ, మూడు దినాలు నన్ను గుడ్డోన్ని చేసినవ్ గదరా.”

తిట్లకు సిద్ధపడ్డాను, దెబ్బలకు సిద్ధపడ్డాను, బస్సెక్కడానికి బట్టలు కూడా సర్దుకొని వచ్చాను. ఈ మాటకు మాత్రం సిద్ధపడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉస్తాద్ వెంటనే రంగు డబ్బా మూత వేశాడు.

“దూరం పోయి ఏడ్వు. నీళ్ల చుక్క రంగుల పడితె బొబ్బలు లేస్తయ్,” అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. “ఆ పుల్ల ఇటు తే.”

నడినెత్తి ఎండలో కూర్చొని, అద్దాలు చొక్కా జేబులో పెట్టుకొని, గంటలో కలిపాడు. తలుపుకు కొట్టాక గన్నులో చెంచాడు మిగిలింది. డెంటింగ్ అన్న గన్ను వంచి నాకు చూపించి, “కావాల్నా?” అన్నాడు. ఆ తర్వాత వారమంతా ఏ డబ్బా తెరిచినా నన్ను అదే మాట అడిగాడు. సాయంత్రం పటేల్ వస్తే, తలుపు ఎందుకు చెడిందో ఆయనకు నా నోటితోనే చెప్పించాడు ఉస్తాద్. చెప్పాను. పటేల్ అంతా విని, “కట్టె శాపకు నా జీపు రంగా?” అని ఆశ్చర్యపోయి, కోపం తెచ్చుకోవడం మరిచిపోయి, ఆ చేపను చూపించమన్నాడు. శనివారం ఆ చీరా, ఆ జీపూ కలిసి చిల్పూరు పోయాయి. గుట్ట ఎక్కుతుంటే తన భార్య జీపులో ఉందో లేదో కూడా తెలియలేదని, మెడ దాకా జీపే ఉన్నట్టుందని పటేల్ తర్వాత చెప్పాడు.

నా పని పోలేదు. నెమలి చేప కూడా పోలేదు, కానీ నేను అనుకున్నట్టు మిగల్లేదు. సోమవారం ఉస్తాద్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, “గీ పని మన షెడ్డుల చేసిందని ఎవ్వలకన్న చెప్పినవా?” అనడిగాడు.

“లేదు ఉస్తాద్.”

“బతికించినవ్. తోక కాడ చూడు, ఎట్ల కారిందో. ముంచి తీస్తె పైన పలచగ, కింద మందం. రంగు దొంగిలించినవ్ గని పని దొంగిలించలే నువ్వు. గీకు.”

లోకంలో అంతకంటే అందమైనది లేదనుకున్నదాన్ని నా చేతులతో నేనే చెక్క కనపడేదాకా గీకాను. మూడు వారాలు, పని అయ్యాక రోజూ అరగంట, ఉస్తాద్ నా పక్కన కూర్చొని ఆ వేలెడు చెక్క మీద నాకు రంగుపని మొదటి నుంచి నేర్పాడు. పలచటి కోటు, ఆరనివ్వడం, మళ్లీ పలచటి కోటు. కడుపు కింద లేత రంగు, వీపు మీద ముదురు. చివరి మెరుపు కోటు ఆయనే కొట్టాడు. అప్పుడు చూస్తే తెలిసింది, నేను సందులో అరగంట నిలబడి చూసింది నెమలి మెడ కాదని.

ఒక ఆదివారం ఉస్తాద్ నాతో బండి మీద మా ఊరికి వచ్చాడు. మా అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, కట్ట మీద వలల తాత పక్కన కూర్చున్నాడు. నేను ఆ చేపను విసరడానికి చెయ్యి రాక నిలబడ్డాను.

“ఏందిరా, పూజ చేస్తున్నవా? ఏయ్,” అన్నాడు ఉస్తాద్.

విసిరాను. మూడో లాగుడుకు నీళ్లు బద్దలయ్యాయి. నా చేతిలోని గాలం కర్ర వంగింది, దారం చుట్టిన రీలు అరిచింది, ఒక్క క్షణం ఆ కొర్రమట్ట నల్లటి వీపు పైకి కనిపించింది, దారం ఫట్‌మంది. కొర్రమట్ట లేదు, నా చేప లేదు. ఏడాది పిచ్చి, మూడు వారాల పని, ఇద్దరి చెమట నీళ్లలో కలిసిపోయాయి. నేను కట్ట మీద కూలబడ్డాను. వలల తాత మాత్రం లేచి నిలబడ్డాడు.

“అరే, పడ్డది గదరా! ఇగ రేపటి సంది నిన్ను చెర్ల గాలం ఏయనియ్య,” అన్నాడు కంగారుగా.

ఉస్తాద్ నీళ్ల మీద వలయాలు చెదిరిపోయేదాకా చూశాడు. “అంటే రంగు తప్పలేదన్నట్టు,” అన్నాడు, సంతోషంగా.

ఆ సాయంత్రం ఆయన్ని బండి మీద ఎక్కించుకొని జనగామ తీసుకొస్తున్నాను. దారి పొడవునా ఆయన నా వెనక కూర్చొని ఒకటే మాటలు. కోతకొచ్చిన వరి మడి చూసి, గది చూడు, పసుపు మూడు పాళ్లు, జర ఎరుపు, నలుపు వేలికొసతోని. పత్తి చేను చూసి, తెలుపంటె తెలుపు కాదు, అండ్ల నీలం చుక్క లేకుంటె మురికి కొడ్తది. పొద్దు గుంకే ఆకాశాన్ని చూపించి దానికి ఏం కావాలో చెప్పాడు. ఒక ముసలమ్మ కట్టుకున్న చీరకు చెప్పాడు. మా ముందు పోతున్న లారీ వెనక పూలకు కూడా చెప్పాడు. నెల కింద తన కళ్లు పోయాయనుకున్న మనిషికి కళ్లు తిరిగి వస్తే ఎంత మాట్లాడతాడో అంతా మాట్లాడాడు. నేను హ్యాండిల్ పట్టుకొని, పోయిన నా కట్టె చేప గురించి దిగులుపడుతూ, ‘ఊఁ, ఊఁ’ అంటూ నడిపాను. ఒక్కటీ వినలేదు.

ఇప్పుడు నాకు భూపాలపల్లిలో సొంత షెడ్డు ఉంది. ఉస్తాద్ జనగామలోనే ఉన్నాడు, అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. మొన్న నేను రంగు కలిపే మిషన్ కొన్నానని చెబితే చాలాసేపు నవ్వాడు. ఎందుకు కొన్నావని అడిగాడు. జవాబు చెప్పడానికి మొహమాటపడ్డాను కానీ, ఇక్కడ రాయడానికి మొహమాటం లేదు: ఆ రోజు పాలకుర్తి రోడ్డు మీద ముప్పై ఏళ్ల విద్య నా చెవి వెనక నుంచి గాలికి పోతుంటే, పందొమ్మిదేళ్ల నేను ఒక చెక్కముక్క కోసం ఏడుస్తూ బండి నడుపుతున్నాను. వాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. బండి కాస్త మెల్లగా నడపరా అని మాత్రం చెప్పాలనిపిస్తుంది.